డ్రాఫ్ట్స్ ఆడటానికి ఏ ప్రోగ్రామ్ పెట్టుకోవాలి? చెకర్‌బోర్డ్, కింగ్స్‌రో, స్కాన్, లిడ్రాఫ్ట్స్, అరోరా బోరియాలిస్ మధ్య పోలిక

డ్రాఫ్ట్స్ (చెకర్స్) సీరియస్‌గా నేర్చుకుందాం అనుకున్న ప్రతివాళ్ళూ మొదట వెతికేది "అన్నిటికంటే స్ట్రాంగ్ ప్రోగ్రామ్ ఏది" అనే. ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. ఎందుకంటే మంచి ఇంజిన్లన్నీ (ఎత్తులు ఆలోచించి ఆడే ప్రోగ్రామ్‌లు) మనల్ని ఓడిస్తాయి, మనల్నే కాదు చాంపియన్లని కూడా గెలవనివ్వవు, అందుకని వాటిలో ఏది ఇంకొంచెం బలమైనదో తెలుసుకుని మనం చేసేదేమీ లేదు. తేడా వచ్చేది వేరే చోట: అది మీరు ఆడే రూల్స్‌తోనే ఆడుతుందా, ఓడిపోయాక ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తుందా, మీ స్థాయికి దిగి వచ్చి ఆడగలదా. ఈ మూడూ చూసుకోకుండా డౌన్‌లోడ్ చేసినవాళ్ళు వారం తిరక్కుండానే దాన్ని తీసేస్తారు, ఆట మీదే విసుగొస్తుంది పాపం.

ముందు రూల్స్ తేల్చుకోండి

ఇది అన్నిటికంటే పెద్ద విషయం, అందుకే ఎక్కువ చెప్తాను. డ్రాఫ్ట్స్ అంటే ఒక్క ఆట కాదు. మొబైల్‌లో "చెకర్స్" అని కొడితే వచ్చే యాప్స్‌లో చాలావాటికి ఏ రూల్స్‌తో ఆడుతున్నామో చెప్పే అలవాటే ఉండదు, కొన్నయితే ఒక పద్ధతి నుంచి ఒక రూలు, ఇంకో పద్ధతి నుంచి ఇంకో రూలు కలిపేస్తాయి. వాటి మీద ఆరు నెలలు ఆడి తర్వాత అసలు టోర్నమెంట్ రూల్స్‌కి వస్తే చేతికి అలవాటైన ఎత్తులన్నీ అడ్డం తిరుగుతాయి. ఎక్కువమంది ఆడే మూడు రకాల తేడా ఇదీ (చివరి వరస చేరి బలం పెరిగిన పావే కింగ్):

| | ఇంగ్లిష్ (అమెరికన్ చెకర్స్) | ఇంటర్నేషనల్ | రష్యన్ |
|---|---|---|---|
| బోర్డు, పావులు | 8×8, చెరి 12 | 10×10, చెరి 20 | 8×8, చెరి 12 |
| మామూలు పావు వెనక్కి కొట్టొచ్చా | కుదరదు | కొట్టొచ్చు | కొట్టొచ్చు |
| కింగ్ నడక | ఒక్కో గడే | ఐమూలగా ఎంత దూరమైనా | ఐమూలగా ఎంత దూరమైనా |
| ఎక్కువ పావులు పోయే దారే కొట్టాలా | అక్కర్లేదు, మీ ఇష్టం | తప్పనిసరి | అక్కర్లేదు, మీ ఇష్టం |
| కొడుతూ కొడుతూ చివరి వరస చేరితే | కింగ్ అయ్యి అక్కడే ఆగుతుంది | ఇంకా కొట్టేది ఉంటే కింగ్ అవ్వకుండానే ముందుకెళ్తుంది | అక్కడికక్కడే కింగ్ అయ్యి కింగ్‌లాగే కొడుతూ పోతుంది |
| మొదటి ఎత్తు | నల్లవి | తెల్లవి | తెల్లవి |

మూడింటిలోనూ కొట్టే అవకాశం వస్తే కొట్టి తీరాలి, వదిలేయడం కుదరదు. (వదిలేస్తే ఆ పావు తీసేసే పాత పద్ధతి ఇంకా పెట్టుకున్న యాప్ కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయండి.)

ఇవి కాక బ్రెజిలియన్ ఉంది, అది ఇంటర్నేషనల్ రూల్స్‌నే 8×8 మీద ఆడటం. ఇటాలియన్‌లో మామూలు పావు కింగ్‌ని కొట్టలేదు. ఫ్రిసియన్‌లో ఐమూలగానే కాకుండా నిలువుగా అడ్డంగా కూడా కొడతారు. కెనడియన్ 12×12 బోర్డు మీద.

మీ దగ్గర ఇప్పటికే ఏదో యాప్ ఉంటే ఇలా చూడండి. ఒక వైపు ఒక్క పావు, ఇంకో వైపు రెండు పావులు కొట్టే అవకాశం ఒకేసారి వచ్చేలా ఆడండి. ఒక్కటే కొట్టడానికి ఒప్పుకోకపోతే అది ఇంటర్నేషనల్ కుటుంబం. ఒప్పుకుంటే ఇంగ్లిషో రష్యనో, అప్పుడు మామూలు పావు వెనక్కి కొడుతుందేమో చూడండి, కొడితే రష్యన్. రెండు నిమిషాల పని.

రెండోది: ఓడాక ఏం చూపిస్తుంది

మీరు ఓడిపోయారు, స్క్రీన్ మీద "గేమ్ ఓవర్" వచ్చింది, మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగింది. ఇలాంటి ప్రోగ్రామ్ వల్ల టైమ్ గడుస్తుంది తప్ప ఆట పెరగదు. ఎత్తులన్నీ దాచుకునే వీలుండాలి, వెనక్కి వెళ్ళి ఏ ఎత్తు దగ్గర ఇంజిన్ లెక్క ఒక్కసారిగా పడిపోయిందో చూసుకునే వీలుండాలి, అక్కడ వేరే ఎత్తు వేసి ఏమవుతుందో ప్రయత్నించే వీలుండాలి. ఆటలు దాచుకునే ఫార్మాట్‌ని పీడీఎన్ అంటారు, అది లేని ప్రోగ్రామ్‌ని నేను లెక్కలోకే తీసుకోను.

ఆ లెక్క చదవడం గురించి ఒక మాట. ఇంజిన్లు సాధారణంగా ఒక పావు విలువని 100 గానో 1.00 గానో చూపిస్తాయి. మీకు +30 అని కనపడితే గెలిచేస్తున్నాం అని సంబరపడకండి, డ్రాఫ్ట్స్‌లో డ్రా అయ్యే పరిధి చాలా పెద్దది, ఇంటర్నేషనల్‌లో ఒక పావు పూర్తిగా ఎక్కువున్నా డ్రా అయిపోయే ఆటలు బోలెడు.

మూడోది: లెవెల్ తగ్గిస్తే నిజంగా తగ్గుతుందా

కొత్తవాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. చాలా ఇంజిన్లలో లెవెల్ అంటే ఆలోచించడానికి ఇచ్చే టైమ్ మాత్రమే, పది సెకన్ల నుంచి ఒక సెకనుకి తగ్గిస్తారు. కానీ డ్రాఫ్ట్స్‌లో కొట్టడం తప్పనిసరి కాబట్టి చాలా పొజిషన్లలో ఒకటో రెండో ఎత్తులే ఉంటాయి, దాంతో ఇంజిన్ ఆ ఒక్క సెకనులోనే చాలా లోతుకి వెళ్ళిపోతుంది, మీరు ఒక పావు ఇచ్చి రెండు తీసుకునే ఎత్తుగడ వేస్తే అది మీకంటే ముందే చూసేసి ఉంటుంది. కాబట్టి టైమ్ తగ్గించి నేర్చుకుందాం అనుకుంటే కుదరదు, నిజంగా బలహీనంగా ఉన్న ఇంజిన్ కావాలి లేదా మనుషులతో ఆడి తర్వాత ఇంజిన్‌తో చూసుకోవాలి. నేను రెండో దారినే గట్టిగా చెప్తాను.

నాలుగోది: ఎండ్‌గేమ్ డేటాబేస్

బోర్డు మీద కొన్ని పావులే మిగిలినప్పుడు ప్రతి పొజిషన్‌కీ గెలుపా, ఓటమా, డ్రానా అని ముందే లెక్కకట్టి పెట్టిన ఫైళ్ళు ఇవి. ఇంగ్లిష్ రూల్స్‌లో 8 పావుల వరకు మొత్తం పొజిషన్లు 44 వేల కోట్లకి పైనే. కెనడాలోని ఆల్బెర్టా యూనివర్సిటీలో జొనాథన్ షేఫర్ టీమ్ చేసిన చినూక్ ప్రోగ్రామ్ 10 పావుల వరకు వెళ్ళింది, అది దాదాపు 39 లక్షల కోట్ల పొజిషన్లు, వాటిని 237 జీబీలోకి కుదించారు. మనకి అంత అక్కర్లేదండి. నేర్చుకునేవాళ్ళకి 6 పావులది ఉంటే చాలు, విశ్లేషణ సీరియస్‌గా చేసేవాళ్ళకి 8 పావులది, దానికి కొన్ని జీబీల జాగా చూసుకోవాలి.

ఒక చిక్కుంది ఇందులో. చాలా డేటాబేస్‌లు ఫలితం మాత్రమే చెప్తాయి, ఎన్ని ఎత్తుల్లో అన్నది చెప్పవు. అందుకే ఒక్కోసారి ఇంజిన్ గెలిచే పొజిషన్‌లో ఉండి కూడా అటూ ఇటూ కింగ్‌ని జరుపుతూ కూర్చుంటుంది, దాని దృష్టిలో అన్ని ఎత్తులూ గెలుపే కదా మరి. చూసేవాళ్ళకి అర్థం కాదు, ప్రోగ్రామ్ చెడిపోయిందనుకుంటారు. కింగ్స్‌రో చేసిన ఎడ్ గిల్బర్ట్ దీనికోసమే ఎత్తుల దూరం కూడా చెప్పే డేటాబేస్‌లు విడిగా తయారుచేశాడు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

చెకర్‌బోర్డ్ (కేక్, కింగ్స్‌రోతో కలిపి)

మీది ఇంగ్లిష్ ఆట, మీ దగ్గర విండోస్ కంప్యూటర్ ఉంది అంటే ఇంక వెతకడం ఆపేయొచ్చు. చెకర్‌బోర్డ్ అనేది మార్టిన్ ఫియర్జ్ రాసిన ఉచిత ప్రోగ్రామ్, అది బోర్డూ మెనూలూ చూసుకుంటుంది, ఆలోచించే పని ఇంజిన్‌ది. ఇంజిన్‌గా ఫియర్జ్‌దే అయిన కేక్ పెట్టుకోవచ్చు, ఎడ్ గిల్బర్ట్ కింగ్స్‌రో పెట్టుకోవచ్చు, రెండూ ఉంచుకుని వాటి మధ్యే పోటీ పెట్టొచ్చు కూడా. పీడీఎన్ ఫైళ్ళు తెరవడం, వేల ఆటల్లో మీ పొజిషన్ ఎక్కడైనా వచ్చిందా అని వెతకడం, ఎత్తుల పక్కన నోట్స్ రాసుకోవడం, బోర్డు మీద మీకు కావాల్సినట్టు పావులు పేర్చుకోవడం అన్నీ ఉన్నాయి.

కేకా కింగ్స్‌రోనా అని చాలామంది అడుగుతారు. ఇంగ్లిష్ డ్రాఫ్ట్స్‌లో పైస్థాయి ఆట ఎంత డ్రా వైపు ఉంటుందో ఒక్క మ్యాచ్ చాలు చెప్పడానికి: 1992లో లండన్‌లో అప్పటి మేటి ఆటగాడు మేరియన్ టిన్‌స్లీకీ చినూక్ ప్రోగ్రామ్‌కీ ప్రపంచ టైటిల్ మ్యాచ్ జరిగితే టిన్‌స్లీ 4 గెలిచాడు, చినూక్ 2 గెలిచింది, మిగతా 33 ఆటలు డ్రా. అందుకే టోర్నమెంట్లలో మొదటి మూడు ఎత్తులు చీటీ తీసి మొదలుపెడతారు, ఇంజిన్లకి పోటీ పెట్టేవాళ్ళు కూడా 144 ఓపెనింగ్‌లని (ఇలాంటి మొదటి ఎత్తుల వరసలని) రెండు వైపుల నుంచీ ఆడించి 288 ఆటల మ్యాచ్ పెడుతుంటారు, అయినా ఎక్కువ డ్రాలే. కాబట్టి బలం చూసి వీటి మధ్య ఎంచుకోవాల్సిన పని లేదు. నా మాట అడిగితే విశ్లేషణకి కింగ్స్‌రో, దాని పెద్ద డేటాబేస్‌ల వల్ల ఎండ్‌గేమ్ దగ్గర అనుమానం మిగలదు.

కొత్తవాళ్ళు ఈ రెండిటితోనూ ఆడొద్దు. ఫియర్జ్ రాసినదే సింపుల్ చెకర్స్ అని ఒక చిన్న ఇంజిన్ ఉంది, దానితో మొదలుపెట్టండి. పెద్ద ఇంజిన్‌ని మాత్రం ఎండ్‌గేమ్ ప్రాక్టీస్‌కి వాడండి, ఇది నిజంగా పనికొచ్చే సాధన. బోర్డు ఖాళీ చేసి మీకు రెండు కింగులు, దానికి ఒక కింగ్ పెట్టండి, దాని కింగ్‌ని 28, 32 గడులున్న జోడు మూలలో ఉంచండి (ఆడే గడులకి వరసగా వేసే నంబర్లు ఇవి). అది 28 నుంచి 32కి, 32 నుంచి 28కి తిరుగుతూనే ఉంటుంది. గెలుపు మీదే, కానీ మొదట్లో ఎంత తిప్పినా దొరకదు. ఒక కింగ్‌ని దగ్గరకి తెచ్చి దాని దారి కట్టేసి, రెండోదాన్ని సరిగ్గా అది మూల నుంచి బయటికి అడుగు వేయక తప్పని టైమ్‌కి తీసుకురావాలి. ఇది చేతికొచ్చాక మూడు కింగులతో రెండు కింగుల మీద ఆడండి, ఒకటికి ఒకటి మార్పిడి చేయించడం అక్కడ వస్తుంది. పెద్ద ఇంజిన్ ఇక్కడ మీ మీద దయ చూపదు, ఒక్క తప్పు ఎత్తు వేసినా తప్పించుకుంటుంది, అదే మనకి కావాల్సింది.

లోటు ఏంటంటే ఇది విండోస్ కోసం రాసింది, ఫోన్‌లో కుదరదు. రూపం కూడా పాతకాలం ప్రోగ్రామ్‌లా ఉంటుంది, దానికి అలవాటు పడాల్సిందే.

లిడ్రాఫ్ట్స్

చెస్ ఆడేవాళ్ళకి లీచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్ తెలుసు కదా, దాని కోడ్ తీసుకుని డ్రాఫ్ట్స్ కోసం మార్చినది ఇది. ఉచితం, యాడ్స్ లేవు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి విండోసా మ్యాకా ఫోనా అన్న గొడవ లేదు. ఇంటర్నేషనల్, రష్యన్, బ్రెజిలియన్, ఫ్రిసియన్ అన్నీ ఆడొచ్చు, మనుషులతోనూ కంప్యూటర్‌తోనూ. ఇంగ్లిష్ ఆడేవాళ్ళకి మాత్రం ఇది సరిపోదు, ముందే చెప్పేస్తున్నాను.

దీన్ని నేను కొత్తవాళ్ళకి ముందు చెప్పడానికి కారణం పైన చెప్పిన మూడో విషయమే. మీ స్థాయి మనిషితో ఆడతారు, ఆట అయిపోగానే అక్కడే విశ్లేషణ అడుగుతారు, ఏ ఎత్తు దగ్గర తప్పు జరిగిందో గ్రాఫ్‌లో కనపడుతుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఎదుటివాడు మనిషి కాబట్టి అతనూ తప్పులు చేస్తాడు, మీరు వేసిన వల పనిచేస్తుంది ఒక్కోసారి, ఆ సంతోషం లేకపోతే ఎవరూ ఏ ఆటా ఎక్కువ కాలం ఆడరు.

విశ్లేషణ లోతు మాత్రం సొంత కంప్యూటర్‌లో రాత్రంతా ఇంజిన్ నడిపినంత ఉండదు. క్లబ్ స్థాయి దాటేవరకు ఆ తేడా మీకు తగలదు.

స్కాన్

ఇంటర్నేషనల్ డ్రాఫ్ట్స్‌కి అందరికీ తెలిసిన ఇంజిన్. రాసింది ఫాబియన్ లెటూజే, చెస్‌లో ఫ్రూట్ ఇంజిన్ చేసింది కూడా ఇతనే. ఓపెన్ సోర్స్. బోర్డుని ముక్కలు ముక్కలుగా చూసి ఒక్కో ముక్కలో పావుల అమరిక ఎంత విలువైనదో ఆటల నుంచి నేర్చుకునే పద్ధతి ఇందులో ఉంది, అందుకే మనం కళ్ళతో చూసి "ఇక్కడ అంతా సమానమే" అనుకునే మిడిల్ గేమ్‌లో కూడా ఎవరి వైపు గట్టిగా ఉందో పట్టుకుంటుంది.

ఇది ఉత్త ఇంజిన్. డౌన్‌లోడ్ చేసి తెరిస్తే అక్షరాల్లో బోర్డు కనపడుతుంది, చక్కగా మౌస్‌తో ఆడాలంటే దీన్ని నడిపించే వేరే ప్రోగ్రామ్ జోడించుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. మామూలుగా ఆడుకునేవాళ్ళు లిడ్రాఫ్ట్స్‌కి వెళ్ళిపోండి, అక్కడ బ్రౌజర్‌లో విశ్లేషణ చేసేది కూడా స్కానే.

కింగ్స్‌రో ఇంటర్నేషనల్

పేరు అదే, మనిషీ అతనే, ఆట వేరు. ఎడ్ గిల్బర్ట్ 10×10 కోసం చేసిన వెర్షన్ ఇది. స్కాన్‌తో పోలిస్తే పెద్ద సుఖం ఏంటంటే దీనికి సొంత బోర్డు, మెనూలు ఉన్నాయి, విండోస్‌లో పెట్టుకుని వెంటనే ఆడొచ్చు, ఎండ్‌గేమ్ డేటాబేస్‌లు కూడా జోడించుకోవచ్చు. 10×10 ఆడుతూ విండోస్ వాడేవాళ్ళకి నేను దీన్నే చెప్తాను.

ఇంటర్నేషనల్ ఇంజిన్ ఏదైనా సరే పెట్టుకున్నాక ఒక పరీక్ష పెట్టండి. ఒక వైపు మూడు కింగులు, ఇంకో వైపు ఒకే కింగ్, ఆ ఒంటరి కింగ్‌ని 5 నుంచి 46 వరకు వెళ్ళే పెద్ద ఐమూల మీద ఉంచండి. ఇది డ్రా. డేటాబేస్ ఉన్న ఇంజిన్ వెంటనే సున్నా చూపిస్తుంది. లేనిదైతే మూడు కింగులున్న వైపుకి పెద్ద ఆధిక్యం ఉందని చూపిస్తూనే ఉంటుంది, అలాంటి ఇంజిన్ చెప్పే ఎండ్‌గేమ్ లెక్కల్ని నమ్మి ఆటలు విశ్లేషించుకోకండి.

అరోరా బోరియాలిస్

రష్యన్ డ్రాఫ్ట్స్ వాళ్ళకి పాతకాలం నుంచి తెలిసిన పేరు, అలెగ్జాండర్ స్విరిన్ చేసింది, విండోస్ మీద నడుస్తుంది, రష్యన్‌తో పాటు వేరే రకాలు కూడా ఆడుతుంది. రష్యన్ ఆటలో కొడుతూనే కింగ్ అయిపోయే రూలు వల్ల వచ్చే కాంబినేషన్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, మూడు పావులు ఇచ్చేసి ఐదు తీసుకోవడం లాంటివి, వాటిని ఇంటర్నేషనల్ ఇంజిన్‌లో పెట్టి చూస్తే తప్పు జవాబు వస్తుంది కాబట్టి రష్యన్‌కి రష్యన్ ఇంజినే ఉండాలి. ఇందులో సాధనకి పెట్రోవ్ త్రిభుజం తీసుకోండి: మూడు కింగులు, ఎదుటి ఒంటరి కింగ్ పెద్ద ఐమూల మీద లేదు, 15 ఎత్తుల లోపల దాన్ని పట్టుకోవాలి. పెద్ద ఐమూల దానికి దొరికిందా, డ్రా.

అన్నీ ఒకచోట

| | ఏ ఆటకి | ఎక్కడ నడుస్తుంది | కొత్తవాళ్ళకి | విశ్లేషణకి |
|---|---|---|---|---|
| చెకర్‌బోర్డ్ + కింగ్స్‌రో / కేక్ | ఇంగ్లిష్ | విండోస్ | సింపుల్ చెకర్స్ ఇంజిన్‌తో అయితే సరే | చాలా బాగుంటుంది |
| లిడ్రాఫ్ట్స్ | ఇంటర్నేషనల్, రష్యన్, బ్రెజిలియన్, ఫ్రిసియన్ | బ్రౌజర్ | అన్నిటికంటే నయం | బాగుంటుంది |
| స్కాన్ | ఇంటర్నేషనల్, ఫ్రిసియన్ | కంప్యూటర్, వేరే బోర్డు ప్రోగ్రామ్ కావాలి | వద్దు | చాలా బాగుంటుంది |
| కింగ్స్‌రో ఇంటర్నేషనల్ | ఇంటర్నేషనల్ | విండోస్ | కష్టం | చాలా బాగుంటుంది |
| అరోరా బోరియాలిస్ | రష్యన్, మరికొన్ని | విండోస్ | కష్టం | బాగుంటుంది |

చినూక్ సంగతి?

పేరు విని దాన్నే పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఉంటారు. 1994లో టిన్‌స్లీ ఆరోగ్యం బాగోక ఆరు డ్రాల తర్వాత మ్యాచ్ వదులుకోవడంతో చినూక్‌కి టైటిల్ వచ్చింది, 2007లో అదే టీమ్ రెండు వైపులా తప్పు లేకుండా ఆడితే ఇంగ్లిష్ డ్రాఫ్ట్స్ డ్రా అని నిరూపించింది. దాదాపు 5 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని పొజిషన్లున్న ఆట అది, 1989లో మొదలైన పని, నాకైతే కంప్యూటర్ ఆటల చరిత్రలో దీనికంటే గొప్ప పని కనపడదు. కానీ అది పరిశోధన ప్రాజెక్టు, మీ రోజువారీ ఆటకి ఆప్షన్ కాదు. ఆట డ్రా అని తేలిపోయింది కాబట్టి ఇంక ఆడటం దేనికి అనుకోనవసరం లేదు, ఆ నిరూపణ ఎవరి తలలోనూ పట్టదు, బోర్డు ముందు కూర్చున్న ఇద్దరికీ ఆట అలాగే ఉంది.

ఎవరికి ఏది

పిల్లలకి నేర్పించేవాళ్ళు లిడ్రాఫ్ట్స్‌లో ఇంటర్నేషనల్ కంటే ముందు రష్యనో బ్రెజిలియనో పెట్టండి, బోర్డు చిన్నది, ఆట త్వరగా అయిపోతుంది, చెరి 20 పావుల ఆట పిల్లల ఓపిక దాటిపోతుంది. ఇంగ్లిష్ రూల్స్‌తోనే నేర్పాలి అంటే చెకర్‌బోర్డ్‌లో ఇద్దరు మనుషులు ఆడే మోడ్ ఉంది, పక్కన కూర్చుని మీరే ఆడండి, ఇంజిన్ తర్వాత.

టోర్నమెంట్లకి వెళ్ళేవాళ్ళకి ఒక్కటి చాలదు. ఓపెనింగ్ తయారీకి రెండు ఇంజిన్లు ఉంచుకుని రెండూ ఒప్పుకున్న ఎత్తునే నోట్స్‌లో రాసుకోండి, ఒకటి అవునని ఇంకోటి కాదన్న చోట ఎక్కువ టైమ్ ఇచ్చి మళ్ళీ నడపండి. 10×10కి కింగ్స్‌రో, స్కాన్ జంట, ఇంగ్లిష్‌కి కింగ్స్‌రో, కేక్ జంట.

ప్రోగ్రామ్ రాయాలని ఆసక్తి ఉన్నవాళ్ళు మొదట సింపుల్ చెకర్స్ సోర్స్ చదవండి, చిన్నది, ఎత్తులు ఎలా పుట్టిస్తుందో ఎలా వెతుకుతుందో మొత్తం ఒక సాయంత్రంలో అర్థమవుతుంది. ఆ తర్వాత స్కాన్ సోర్స్. ఈ దారి చాలా పాతదండి, 1952లోనే మాంచెస్టర్‌లో ఫెరాంటీ మార్క్ 1 మీద క్రిస్టఫర్ స్ట్రేచీ రాసిన ప్రోగ్రామ్ పూర్తి ఆట ఆడింది, ఐబీఎంలో ఆర్థర్ శామ్యూల్ తన చెకర్స్ ప్రోగ్రామ్ ఆడుతూ ఆడుతూ నేర్చుకునేలా చేసి 1959లో పేపర్ రాశాడు, డేవిడ్ ఫోగెల్, కుమార్ చెల్లపిళ్ళ అయితే న్యూరల్ నెట్‌వర్క్‌లని ఒకదానితో ఒకటి ఆడించి గెలిచినవాటిని నిలబెడుతూ బ్లాండీ24 అనే ప్రోగ్రామ్‌ని తయారుచేశారు. ఆ మూడు ఆలోచనలూ ఈరోజు కూడా సొంతంగా రాసి చూడదగ్గవే.

ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి ఆటలు మార్చేటప్పుడు పీడీఎన్ ఫైల్ పైభాగంలో గేమ్‌టైప్ అనే లైన్ చూసుకోండి. ఇంటర్నేషనల్‌కి 20, ఇంగ్లిష్‌కి 21, రష్యన్‌కి 25, బ్రెజిలియన్‌కి 26 ఉండాలి. ఆ నంబర్ తప్పుంటే ఫైల్ తెరుచుకోకపోవచ్చు, లేదా తెరుచుకుని మధ్యలో ఎక్కడో "ఈ ఎత్తు చెల్లదు" అని ఆగిపోవచ్చు, అప్పుడు ఫైల్ పాడైందని చెరిపేయకండి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ ఒక్క నంబర్ సరిచేస్తే చాలు.